చేదబావి మజిలీ

ఆదివారం పొద్దున ఆరున్నరకు టవర్ క్లాక్ కింద నిలబడి యేసన్న తలలు లెక్కపెట్టాడు. ఇరవై మూడు. టీచర్ ట్రైనింగు పిల్లలు పదిహేడు మంది, బెంగళూరు నుంచి వచ్చిన నలుగురి కుటుంబం ఒకటి, ప్రతివారమూ తప్పకుండా వచ్చే పింఛనుదార్లు ఇద్దరు. లెక్క సరిపోయాక మడిచిన నల్లగొడుగు పైకెత్తాడు.

"అందరూ ఈ గొడుగును చూస్తా రండి. ఎనిమిదిన్నరకల్లా ముగిస్తాం. ఆ తర్వాత నిలబడి వినేంత నీడ ఈ ఊర్లో యాడా దొరకదు."

పిల్లలు నవ్వారు. అతను మాత్రం నవ్వులాటకు అనలేదు. అది రెండువేల మూడు, మే నెల. వరసగా మూడేళ్లు వానల్లేవు. కోనాపురం వీరభద్రయ్యగారి శతజయంతి సంవత్సరమని ఆయన తిరిగిన వీధుల గుండా జనాన్ని నడిపించాలని స్మారక సంఘం వాళ్లు అనుకున్నప్పుడు, ఎక్కడ ఎంతసేపు ఆగాలో నిర్ణయించింది యేసన్నే. ఏడింటికి నూనె అంగడి అరుగు మీద నీడ ఉంటుంది. వీరభద్రయ్యగారు చదువుకునే రోజుల్లో అద్దెకున్న గది దాని మీదే. ఏడుంబావుకు బడి ప్రహరీ పక్కన నీడ. ఆయన పత్రిక నడిపిన అచ్చాఫీసు సందులో ఎనిమిదింటి దాకా ఎండ రాదు. మజిలీలన్నీ నీడను బట్టే కుదిరాయి, ఒక్క చేదబావి తప్ప. అక్కడ ఏ వేళకు వెళ్లినా ఎండే.

యేసన్న వెనక్కి నడుస్తూ, ముఖం జనం వైపు ఉంచి మాట్లాడుతాడు. వారమంతా గ్రంథాలయంలో అటెండరు పని. అక్కడ నోరెత్తే అవసరం ఉండదు. ఆదివారం ఈ రెండు గంటలూ అతని గొంతు మారిపోతుంది. కాలికి రాయి తగలకుండా, సైకిలు అడ్డం రాకుండా, మాట తెగకుండా పాతూరు సందుల్లో వెనక్కి నడవడం అతనికి అలవాటైపోయింది.

చేదబావి దగ్గర గొడుగు దించాడు. బావికి ఇనుప జల్లెడ బిగించారు. లోపల నీళ్లు లేవు, టీ కప్పులూ గుట్కా పొట్లాలూ ఉన్నాయి. బావిని ఆనుకుని ఉన్న పెద్దమిద్దె వీరభద్రయ్యగారి అన్నది. ఇప్పుడు అన్న మనవళ్లది.

"పందొమ్మిది వందల ముప్పైఎనిమిది. కరువు. మాలగేరిలో బావి ఎండిపోయింది. ఈ బావిలో నీళ్లుండాయి, కానీ తాకనియ్యరు. ఒకరోజు పొద్దున వీరభద్రయ్యగారు మాలగేరి నుంచి నలభై మందిని తోడుకోని, సొంత అన్న ఇంటి ముందరికే వచ్చినారు. అన్న తలుపేసుకున్నాడు. ఈయన ఒక పాప చేతికి చేంతాడిచ్చి, 'చేదు తల్లీ' అన్నారు. ఆ పాప చేదింది. ఆ నీళ్లు మొదట ఆయనే దోసిలి పట్టి తాగినారు." యేసన్న ఒక్క క్షణం ఆగాడు. ప్రతివారమూ ఇక్కడ ఆగుతాడు. "ఆ పాప పేరు మారెక్క. మా యమ్మ."

ట్రైనింగు పిల్లల్లో ఒకమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "ఇప్పుడూ ఉండారా?"

"ఉండాది. రాప్తాడులో, మా చెల్లెలింట్లో."

ఆ అమ్మాయి బావి గట్టును వేలికొసలతో తాకింది. ఎవరో ఒకరు అలా తాకుతూనే ఉంటారు. తాకినప్పుడల్లా యేసన్నకు వీపు నిటారుగా అవుతుంది.

సోమవారం గ్రంథాలయానికి సంఘం కార్యదర్శి సురేంద్ర వచ్చాడు. ఊళ్లో రెండు ప్రైవేటు కాలేజీలున్నాయి అతనికి. యేసన్న స్టూలెక్కి ఫొటోలు తుడుస్తున్నాడు. అన్నిటికంటే పెద్దది, వీరభద్రయ్యగారు ఒక సభలో పూలదండ వేసిన పాపను ఎత్తుకుని నిలబడిన ఫొటో. ఆ పాప తన తల్లేనని దాన్ని ఎప్పుడూ ఆఖర్న తుడుస్తాడు, తడిబట్టతో ఒకసారి, పొడిబట్టతో ఒకసారి.

"దిగప్పా, నీతో పనుండాది," అన్నాడు సురేంద్ర. "వచ్చే ఆదివారం జయంతి. హైదరాబాదు నుంచి పెద్దాయన వస్తాండాడు. మనతోపాటు నడుస్తాడంట. బావికాడ శిలాఫలకం తెరిపిస్తాం. ఇదో, నువ్వు చెప్పాల్సిందంతా అచ్చేయించినా. ఇట్లనే చెప్పు, సొంతం కలపాకు."

యేసన్న కాగితాలు తిప్పి చేదబావి దగ్గర ఆగాడు. 'ఒక హరిజన బాలిక' అని ఉంది.

"సార్, పేరు లేదు."

"ఎవరి పేరు?"

"మా యమ్మ పేరు."

సురేంద్ర అతని ముఖంలోకి చూశాడు. యేసన్న ఇరవై ఎనిమిదేళ్ల ఉద్యోగంలో ఎవరినీ ఏదీ అడిగినవాడు కాదు.

"ఆమె బతికే ఉండాది సార్. డెబ్బైఐదేండ్లు. ఆ బావిలో చేదిన మనిషి బతికుండంగా, పేరు లేకుండా ఒక బాలిక అంటే ఎట్ల సార్?"

సురేంద్ర చెడ్డవాడు కాదు. తొడ మీద చరుచుకున్నాడు. "ఇంతవరకు నాకు తట్టనే లేదు చూడు! ఆమెను పిలుచుకోని రా. పెద్దాయన చేత శాలువా కప్పిద్దాం. ఫలకం మీద కూడా పేరు చెక్కిద్దాం. సరేనా?"

ఆ సాయంత్రం యేసన్న నేరుగా బండలు చెక్కే ఓబుళేసు దగ్గరికి పోయాడు. నల్లబండ మీద సున్నపునీళ్లతో అక్షరాలు రాసి ఉన్నాయి. ఓబుళేసు 'మారెక్క'లో కకు వత్తు మరిచాడు. యేసన్న వంగి వేలితో చూపించాడు. వత్తు చెక్కడం అయ్యేదాకా అక్కడే గొంతుక్కూర్చుని, ఎగిరిపడే రాతిపొడిని నోటితో ఊదుతూ ఉండిపోయాడు. అయ్యాక తల్లి పేరు మీద అరచెయ్యి పెట్టాడు. ఉలి దెబ్బలకు బండ ఇంకా వెచ్చగా ఉంది.

బుధవారం సెలవు పెట్టి రాప్తాడు బస్సెక్కాడు.

మారెక్క వసారాలో కూర్చుని విత్తనానికి చెనిక్కాయలు ఒలుస్తోంది. వాన వస్తుందో రాదో తెలీదు, అయినా విత్తనం సిద్ధం చేయాల్సిందే. ఒక్కో కాయనూ బొటనవేలితో నొక్కి, పప్పు మీది పొర చిట్లకుండా తీసి చేటలో వేస్తోంది. కొడుకు చెప్పిందంతా తల ఎత్తకుండా విన్నది.

"నేను రానప్పా. మోకాళ్లు నొస్తాండాయి."

"ఆటోలో పిల్చకపోతా."

"రాను."

"ఏమ్మా? పెద్దపెద్దోళ్లు వస్తాండారు. నీకు శాలువా కప్పుతారు."

"నాకెందుకు శాలువా, ఈ ఎండలకి."

లోపల్నించి చెల్లెలు హనుమంతమ్మ కేకేసింది. "పోమ్మా, అన్న అంత ఇదిగా పిలుస్తాంటే! ఎన్నడన్నా నిన్నొకటి అడిగినాడా?"

యేసన్న తల్లి పక్కన కూర్చుని తానూ ఒక గుప్పెడు కాయలు తీసుకున్నాడు. "అమ్మా, ఇన్నేండ్లూ నేనొక్కన్నే నీ పేరు చెప్తా వచ్చినా. ఇప్పుడు బండ మీద చెక్కినారు. నేను సచ్చినా ఆ పేరు ఆడ ఉంటాది."

మారెక్క చేతులు ఆగిపోయాయి.

"బండ మీద రాసినారా?"

"నేను దగ్గరుండి చెక్కించినా."

"ఎవురు చెప్పినారు రాయమని?"

"నేనే."

ఆమె ఒళ్లోని పొట్టు దులుపుకుంది.

"అట్లయితే వస్తా," అంది.

తిరుగు బస్సులో యేసన్న కిటికీ పక్కన కూర్చుని దారిపొడుగునా తనలో తాను నవ్వుకుంటూ వచ్చాడు.

ఆదివారం నూట ఇరవై మంది వచ్చారు. పోలీసులు, పత్రికలవాళ్లు, కాలేజీ పిల్లలు. మారెక్క హనుమంతమ్మ చీర కట్టుకుంది. కొత్తది కాదు, మడతల్లో కలరా ఉండల వాసన. మొదటి మూడు మజిలీలూ ఆటోలోనే కూర్చుని వెనకే వచ్చింది. హైదరాబాదు పెద్దమనిషి ముందు వరసలో నడుస్తూ రెండుసార్లు గడియారం చూసుకున్నాడు. యేసన్న ఆ రోజు చెప్పినంత బాగా ఎప్పుడూ చెప్పలేదు.

బావి దగ్గర షామియానా వేశారు. మొదటిసారి ఆ మజిలీలో నీడ ఉంది. పెద్దమనిషి తెర లాగాడు. నల్లబండ మీద బంగారురంగు పూసిన అక్షరాలు తళుక్కుమన్నాయి. చప్పట్లు కొట్టారు. సురేంద్ర మైకులో, "ఆనాటి ఆ చిన్నారి ఈనాడు మన మధ్యనే ఉంది," అని, మారెక్కను చెయ్యి పట్టి ముందుకు తెచ్చాడు.

శాలువా మడత విప్పారు. మారెక్క చెయ్యి అడ్డం పెట్టింది.

ముందు ఎవరికీ అర్థం కాలేదు. సిగ్గుపడుతోందనుకుని నవ్వారు. ఆమె సురేంద్ర చేతిలోని మైకు వైపు చూపించింది. అతను సంతోషంగా ఆమె నోటి దగ్గర పెట్టాడు.

"నేను కాదు సామీ," అంది మారెక్క. మైకులో తన గొంతు విని ఒకసారి వెనక్కి జంకి, మళ్లీ అంది. "ఆ పొద్దు చేదింది నేను కాదు. మా యక్క. తిప్పమ్మ. నేను అదో, ఆ సందు మొగదల నిలబడుకోనుంటి. బయమై పారిపోయినా. ఈ పేరు తీసేయండి. మా యక్క పేరు..."

సురేంద్ర మైకు వెనక్కి తీసుకున్నాడు. "పెద్ద వయసు," అన్నాడు నవ్వుతూ. "జ్ఞాపకాలు కొంచెం అటూ ఇటూ అవుతాయి. అయినా ఆ వినయం చూడండి!"

మళ్లీ చప్పట్లు. ఆ చప్పట్లలోనే పెద్దమనిషి శాలువా ఆమె భుజాల మీద వేశాడు. ఫొటోలు తీశారు. ఆయన అటు తిరగగానే మారెక్క శాలువా తీసి, నాలుగు మడతలు పెట్టి బావి గట్టు మీద ఉంచింది. తర్వాత కొడుకు వైపు చూసింది.

యేసన్న కదల్లేదు. తిప్పమ్మ అనే పేరు అతను ఇంతకుముందు ఒక్కసారి కూడా వినలేదు. తల్లికి అక్క ఉండేదని కూడా తెలీదు.

"యేసన్నా, గొడుగెత్తప్పా," అన్నాడు సురేంద్ర చెవిలో. "టైము అయితాండాది. కదిలించు."

యేసన్న గొడుగెత్తాడు. అలవాటైన కాళ్లు వెనక్కి నడిచాయి. అలవాటైన నోరు, "ఇట్ల రండి, ఈ సందులోకి," అంది. నూట ఇరవై మందీ అతని ముఖాన్నే చూస్తూ వచ్చారు. అచ్చాఫీసు దగ్గర ఆగాడు. "వీరభద్రయ్యగారు ఈ అచ్చాఫీసులో స్వయంగా అక్షరాలు పేర్చేవారు. అచ్చయ్యే ప్రతి మాటా తన కంటితో..." అంటూ జనం మీదుగా చూశాడు. ముఖాలు లెక్కపెట్టే చూపు అది. ఒక ముఖం లేదు.

మాట మధ్యలో ఆగిపోయింది.

"ఏమైందప్పా?" అన్నాడు సురేంద్ర పళ్ల బిగువున.

"మా యమ్మ ఆడనే ఉండిపోయింది సార్."

"ఎవరినన్నా పంపుదాంలే. నువ్వు చెప్పు."

యేసన్న గొడుగు సురేంద్ర చేతిలో పెట్టాడు. అది మళ్లీ తన చేతికి రాదని తెలుసు. జనాన్ని తప్పించుకుంటూ సందులోంచి బయటికి వచ్చాడు. ఎన్నో నెలల తర్వాత ఆ దారిలో అతను ముందుకు నడవడం అదే మొదలు.

షామియానా అప్పుడే విప్పేస్తున్నారు. మారెక్క బావి గట్టు మీద ఎండలో కూర్చుని ఉంది. శాలువా లేదు, ఎవరో తీసుకుపోయారు.

"ఇంటికి పోదాం పామ్మా."

"ఇంటికి కాదు, బొందలగడ్డకి. మనోళ్లను పూడ్చే తావుకి." ఆమె గట్టు పట్టుకుని లేచింది. "నీకు దావ తెలీదు. నా యెనక రా."

ఆటో వద్దంది. మోకాళ్ల మీద చేతులు ఆన్చుకుంటూ పెద్దమిద్దె గోడ వెంబడి నడిచింది. గోడ మూలకు వచ్చి ఆగింది.

"ఈడ," అంది. "చేదిన మూడో దినం. ఆ వీరభద్రయ్య సామి మద్రాసుకు పోయింటే, ఈ ఇంట్లోంచి నలుగురొచ్చినారు. మా యక్క పేడకళ్లు ఎత్తుకుంటాండె. తడిపిన చేంతాడుతో కొట్టినారు. అదే తాడు. 'దీంతోనే కదా చేదినావు' అని కొట్టినారు. నేను ఆ అరుగు కింద దూరినా."

ఇప్పుడు అక్కడ జెరాక్సు అంగడి ఉంది. అంగడి పిల్ల వాళ్లిద్దరినీ ఏం కావాలన్నట్టు చూసింది. మారెక్క ముందుకు కదిలింది.

"ఎనిమిది దినాలు బతికింది. పదమూడేండ్లు మా యక్కకు."

యేసన్న ఏదో అడగబోయాడు. ఆమె అప్పటికే పది అడుగులు ముందుంది. పాత పశువుల ఆసుపత్రి దాటాక, రోడ్డు మలుపులో మళ్లీ నిలబడింది. ఆయాసపడుతోంది.

"ఈడ మా యక్కను మోసే మంచం దించినారు. మా నాయన చేతులు పట్టు తప్పె. అప్పుడు ఆ సామి వచ్చినాడు. రైలు దిగి నేరుగా వచ్చినాడు. చెప్పులు అంత దూరంలో ఇడిచి, నడి రోడ్డు మీద మా నాయన కాళ్లు పట్టుకున్నాడు."

"కాళ్లా?"

"కాళ్లే. ఏడ్సినాడు. నిజంగా ఏడ్సినాడప్పా, అబద్ధం చెప్పకూడదు. ఏడ్సి, ఏమన్న్యాడో తెల్సా? 'కేసు పెట్టాకు. కేసు పెడితే తెరిచిన బావులన్నీ మూసేస్తారు. తిప్పమ్మ సచ్చిందని తెలిస్తే ఇంకే తల్లి తన బిడ్డను బావికాడికి పంపుతాది' అన్న్యాడు. మా నాయన ఏమంటాడు? కాళ్లు పట్టుకున్న మనిషిని ఏమంటాడు?"

రోడ్డు మీద నీళ్ల ట్యాంకరు ఒకటి పోయింది. దాని వెనక పైపులోంచి నీళ్లు కారుతూ దుమ్ములో సన్నని చార పడింది. మారెక్క అది ఎండిపోయేదాకా చూసింది.

"నెల దినాలకు మీటింగు పెట్టినారు. చేదిన పాపను చూడల్లని జనమంతా వచ్చిండ్రి. నాకు మా యక్క పావడా కట్టినారు. పొడుగాయె. మెట్లెక్కతా తట్టుకోని పడబోతే ఆ సామే ఎత్తుకున్నాడు. 'ఈ బిడ్డే' అన్న్యాడు. దండేసినాడు. అందరూ చేతులు చరిచిరి. ఇంటికొచ్చినాక మా యమ్మ ఆ పావడా నా మీంచి లాగి పొయ్యిలో పెట్టింది."

యేసన్నకు గోడ మీది ఫొటో కళ్ల ముందుకు వచ్చింది. ఆ పాప పావడా అంచు వీరభద్రయ్యగారి మోకాళ్ల దాకా వేలాడుతూ ఉంటుంది. ఆ అంచు మీద దుమ్ము ఎక్కువ చేరుతుందని ప్రత్యేకంగా రెండుసార్లు తుడిచేవాడు. అతను రోడ్డు పక్కన ఉన్న కిలోమీటరు రాయి మీద కూర్చుండిపోయాడు. రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. యాభైఆరేళ్ల మనిషి, పట్టపగలు, బస్సులు పోయే దారిలో భుజాలు అదిరేలా ఏడ్చాడు. మారెక్క పక్కనే నిలబడింది. ఓదార్చలేదు. అతని తల మీద చెయ్యి మాత్రం వేసి ఉంచింది.

"ఎందుకమ్మా ఒక్క మాటా చెప్పకపోతివి?"

"మా నాయన ఒట్టేయించుకున్నాడు. ఆయప్ప పోయినాక చెప్దామనుకుంటి. అప్పటికి నువ్వు బడికి పోతాంటివి. ఒక దినం పలక ఎత్తుకోని ఎగురుకుంటా వచ్చినావు. అయ్యవారు అందరి ముందర నిన్ను లేపి, వీళ్లమ్మే చేదబావి మారెక్క అని చెప్పినాడంట. ఆ పొద్దు నుంచి ముందు బెంచీలో కూర్చోబెట్టినారంట." ఆమె ఆగింది. "నిన్ను మళ్లా యెనక్కి యెట్ల పంపేది?"

కాసేపటికి యేసన్న లేచాడు. టవలుతో ముఖం తుడుచుకున్నాడు. ఇద్దరూ మళ్లీ నడిచారు. ఎండ ముదిరింది. గొడుగు లేదు. అతను ఆమెకు తూర్పు పక్కకు జరిగి, తన నీడ ఆమె మీద పడేలా చూసుకుంటూ నడిచాడు.

"బండ మీద నీ పేరు..." అన్నాడు కొంతదూరం పోయాక. "నేనే దగ్గరుండి..."

"నువ్వు నీ తల్లి పేరు రాయించుకుంటివి. నీ తప్పేముండాది."

"తీయించమని అడుగుతా."

"అడుగు."

"తీయరమ్మా."

"అడుగు," అంది మళ్లీ.

రైలు కట్ట పక్కన రోడ్డు విడిపోయే చోట ఆమె నడక నెమ్మదించింది. అటు చూసింది, ఇటు చూసింది. ఒకపక్క వరసగా రేకుల అంగళ్లు: వెల్డింగు షాపు, సిమెంటు దుకాణం, ట్యూబులు వేలాడదీసిన పంక్చరు షాపు. ఇంకోపక్క కొత్తగా వేసిన ప్లాట్ల రాళ్లు. సమాధులు లేవు, గుట్టలు లేవు.

"ఈడనే ఉండె," అంది. "నెత్తి పక్క ఒక బండ పాతినాము. ఈడ... కాదు, కొంచెం అట్ల. రైలు కట్ట కనపడతాండె. అప్పుడు ఈ మిద్దెలేవీ లేవు." వెల్డింగు షాపు దాకా పోయింది. వెనక్కి వచ్చింది. పంక్చరు షాపు ముందు నూనె మరకలు పడిన నేల వైపు వంగి చూసింది. మళ్లీ లేచి చుట్టూ తిరిగింది. ఆమె చేతులు గాలిలో ఏదో కొలుచుకుంటున్నాయి. యేసన్న ఆమె వెనకే, తన నీడను ఆమె మీదికి జరుపుకుంటూ తిరిగాడు.

పంక్చరు షాపతను తొట్టిలో ట్యూబు ముంచి బుడగలు చూస్తున్నవాడు తలెత్తాడు.

"ఏమవ్వా, ఎవరి కోసం వెతుకుతాండావు?"

"మా యక్క కోసం నాయనా."

"ఏం పేరు?"

"తిప్పమ్మ."

అతను పక్క అంగడి వైపు తిరిగి ఆ పేరు గట్టిగా కేకేసి అడిగాడు. అక్కడివాడు తల అడ్డంగా ఊపాడు.

"ఆ పేరుతో ఈడ ఎవరూ లేరవ్వా," అన్నాడు.

"ఉండాదిలేప్పా," అంది మారెక్క. అతను జరిపిన పాత టైరు మీద మెల్లగా కూర్చుంది.